మా మరదలి జీతంలో కోత

మా ముత్తాత తండ్రి చుట్టుపక్కల ఐదు ఊళ్ల శిస్తును గుత్తకు పట్టిన మక్తేదారు. మా ముత్తాత మాలీ పటేలు. శిస్తు ఆయన చేతి మీదుగానే సర్కారుకు పోయేది. మా తాత పోలీసు పటేలు. ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవాళ్లు, సైకిలెక్కినవాళ్లు దిగి నడిపించుకుని పోయేవాళ్లు. మా నాన్న నాటికి ఆ పదవులు లేవు. అయినా చేవెళ్ల కచేరీకి వెళితే ఆయనకు కుర్చీ వేసేవాళ్లు. నేను చేవెళ్లలోనే ఒక సహకార సంఘంలో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. నాకు ఎవరూ కుర్చీ వేయలేదు. నా కుర్చీ నాకు ఉండేది.

ఇది గొప్పకు చెప్పడం లేదు. చెప్పబోయే సంగతి ఎందుకంత కష్టమైందో అర్థం కావాలంటే మేము ఎవరమో తెలియాలి.

భూములు పోయిన తీరులో కథ ఏమీ లేదు. కొంత చట్టానికి పోయింది, కొంత పెళ్లిళ్లకు పోయింది, కొంత నీళ్లు పడని బోర్లలో పోయింది. హైదరాబాదు వాళ్లు ఫామ్‌హౌసుల కోసం ఇటువైపు ఎగబడకముందే అంతా అమ్ముకున్నాం. ఇప్పటి ధరలు తెలిసినవాళ్లు నన్ను చూసి "అయ్యో" అంటారు. ఆ "అయ్యో" నాకు నచ్చదు. ఇల్లొకటి మిగిలింది. దాని మీద దాయాదులతో దావా నడుస్తోంది కాబట్టి అమ్మడానికీ లేదు, బాగుచేయడానికీ లేదు.

రిటైరయ్యాక నాకు చూడటానికి తీరిక దొరికింది. చూస్తుంటే ఒక ప్రశ్న పట్టుకుంది. ఊళ్లో బీదరికం తగ్గింది. ఎలా తగ్గింది?

కరువు వచ్చినప్పుడు మా తాత పాతర తెరిపించి జొన్నలు కొలిపించాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. అది నిజం. ఆ జొన్నలు తిని ఊరు బతికింది. కానీ మరుసటి కరువుకు అదే మనుషులు అదే పాతర ముందు మళ్లీ నిలబడ్డారు. అంటే ఆ జొన్నలు ఆకలి తీర్చాయి కానీ మనిషి నిలబడే చోటు మార్చలేదు. ఇప్పుడు ఎవరూ పాతర తెరవడం లేదు. అయినా మా వీధి చివరి కిరాణా కొట్టులో షాంపూ పొట్లాల దండలు తగ్గి సీసాలు వచ్చాయి. "ఒకప్పుడు చిన్న గిన్నె పట్టుకొచ్చి నూనె పొయ్యమంటుండ్రి పటేలా, ఇప్పుడు ప్యాకెట్టు తప్ప ముట్టుకుంటలేరు" అన్నాడు కొట్టాయన. ఏదో జరిగింది. ఏమిటా అని వెతికితే దారి లాండ్రీకి తీసుకెళ్లింది.

మొయినాబాద్ నుంచి చిల్కూరు వైపు పోతే రోడ్డుకు రెండు పక్కలా ఫంక్షన్ హాళ్లు, రిసార్టులు. ఒక పెళ్లికి ఎన్ని తెల్లగుడ్డలు కావాలో నేనెప్పుడూ ఆలోచించలేదు. బల్లల మీద పరిచేవి, కుర్చీలకు తొడిగేవి, భోజనం దగ్గర ఒళ్లో వేసుకునేవి, గదుల్లో దుప్పట్లు, తువ్వాళ్లు. పెళ్లివాళ్లు తెల్లారి కార్లెక్కి పోతారు. వెనక పప్పు మరకలు, పసుపు మరకలు, పాన్ మరకలతో గుట్టలు మిగులుతాయి. ఆ గుట్టలు మా ఊరికి అన్నం పెడతాయని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నవ్వేవాణ్ని.

వాటిలో బతుకుతెరువు చూసినవాడు మా ఊరివాడే. ఆయన తాత, నాయనమ్మ మా ఇంటి బట్టలు ఉతికారు. పంట నూర్చిన రోజున మా కళ్లంలో ఏడాదికి ఒకసారి గింజలు కొలుచుకునేవాళ్లు. దాన్ని మేర అనేవాళ్లం. మనవడు మొదట మొయినాబాద్‌లో రోడ్డు పక్కన ఇస్త్రీ బండి పెట్టాడు. తర్వాత ఒక రిసార్టు దుప్పట్లు ఉతకడానికి ఒప్పుకున్నాడు. తర్వాత ఒక రేకుల షెడ్డు, దాని తర్వాత మా ఊరికీ మొయినాబాద్‌కూ మధ్య పెద్ద షెడ్డు, అందులో గదంత మిషన్లు. ఇప్పుడు పొద్దున్నే మా ఊరి నుంచి ఒక వ్యాను నిండా ఆడవాళ్లు ఆ షెడ్డుకు పోతారు. అందరూ ఆయన కులస్తులే కాదు. చర్చి వీధి వాళ్లున్నారు, గొల్ల ఇళ్ల వాళ్లున్నారు, భూమి చాలక కూలికి పోయే రైతు ఇళ్ల వాళ్లూ ఉన్నారు.

ఈ పనికీ కార్తెలున్నాయి. ముహూర్తాలున్న నెలల్లో ఊపిరాడదు. మూఢం వస్తే మిషన్లు సగం ఆగిపోతాయి, వ్యాను సగం ఖాళీగా పోతుంది. ఒకప్పుడు ఊరంతా ఆకాశం చూసేది, ఇప్పుడు పంచాంగం చూస్తోంది. మొన్నటి ఉగాదికి పంచాంగం చదువుతున్న అయ్యగారిని లాండ్రీలో గుడ్డలు ఏరే ముసలమ్మ ఒకామె ఆపింది.

"వానల ముచ్చట తర్వాత జెప్పు అయ్యా. ఈయేడు లగ్గాలెన్ని ఉన్నయో ముందుగాల జెప్పు."

"మంచిగనే ఉన్నయి అవ్వా. గని నడుమల మూఢమున్నది."

"జర తక్కువ జేయరాదా మూఢం? నీ చేతులున్నదే గద!"

అందరూ నవ్వారు. అయ్యగారు కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ వానల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ ముసలమ్మను గుర్తుపెట్టుకోవాలి. ఊరంతా ఆమెను అవ్వ అనే అంటుంది.

ఇదంతా నేను బయట నిలబడి చూస్తున్న సంగతి. తర్వాత అది మా ఇంట్లోకే వచ్చింది.

మా తమ్ముడు పోయి కొన్నేళ్లయింది. మా మరదలు, ఆమె కూతురు నాతోనే ఉంటారు. నేను పెళ్లి చేసుకోలేదు. మా ఇంటి ఆచారం ప్రకారం మా మరదలు నా ఎదుట కూర్చోదు; మాట్లాడవలసింది ఉంటే తలుపు చాటున నిలబడి మాట్లాడుతుంది. ఈ కాలంలో ఇదేమిటని నవ్వేవాళ్లు నవ్వవచ్చు. ఆ తలుపు చాటు నుంచే ఒక సాయంత్రం ఆమె అంది.

"బావా, నేను లాండ్రీల పనికి పోత."

నేను పేపరు దించలేదు. "ఏ లాండ్రీ?"

"మన ఊరాయనదే. ఇంకేమున్నది ఈడ?"

"ఏం పని?"

"ఏది జెప్తే అది."

"ఎందుకు?"

తలుపు కొంచెం కిర్రుమంది. "పిల్లకు కాలేజీ ఫీజని, బస్సు పాసని, చెప్పులని, ప్రతిదానికి మీ ముంగట నిలవడుడు నాతోని అయితలేదు. మీరు కాదంటే కొట్లాడొచ్చు. కాదనరు. గదే నాకు కష్టమైతున్నది."

పేపరు దించాను. "ఎవరి కాడికి పనికి పోతనంటున్నవో ఎరుకేనా?"

"ఎరుకే. ఆయన నాయనమ్మ నా పెండ్లిల నా కాళ్లకు పసుపు రాసింది. ఇప్పుడు నేను ఆమె మనవని మిషన్ల గుడ్డలేస్త. ఏమైతది?"

మా ఇంటి ఆడవాళ్లు పనికి పోరు అనే మాట నాలుక మీదికి వచ్చింది. ఆ మాట అనడానికి ఇల్లు గడుస్తూ ఉండాలి. నా పెన్షను మందులకూ వకీలుకూ పోగా ఎంత మిగులుతుందో ఆమెకు నాకన్నా బాగా తెలుసు. "సరే, చూడు" అన్నాను. ఆ లాండ్రీలో పద్ధతి ఏమిటంటే కొత్త మనిషిని ఒక నెల చూస్తారు. పని వస్తే ఉంచుకుంటారు, రాకపోతే లేదు. ఆ నెల నెగ్గితే పిల్ల చదువు ఆమె చేతిలో ఉంటుంది. నెగ్గకపోతే మళ్లీ ఆ తలుపు చాటే.

మొదటి రోజు వ్యాను మా గడప ముందే ఆగింది. మిగతా ఆడవాళ్లు వెనక ఇరుక్కుని కూర్చున్నారు. డ్రైవర్ పక్క సీటును ఒకామె కొంగుతో తుడిచి, "రాండ్రి దొరసాని" అంది. మా మరదలు వెనకే ఎక్కబోయింది. ఎక్కనివ్వలేదు.

షెడ్డులో జరిగింది ఆమె రోజూ సాయంత్రం కూతురికి చెబుతుంటే నాకు వినబడేది. గుట్టలోంచి దుప్పటి లాగబోతే ఎవరో ఒకరు వచ్చి చేతిలోంచి తీసుకుంటారు. "మీరెందుకు, జరుగుండ్రి" అంటారు. తోపుడు బండి ముట్టుకుంటే ఇద్దరు పరుగెత్తుకొస్తారు. మరక పడ్డ గుడ్డ ఆమె కంటబడకుండా కిందికి తోసేస్తారు, అది చూపడమే తప్పన్నట్టు. మధ్యాహ్నం అందరూ గుండ్రంగా కూర్చుని డబ్బాలు విప్పితే ఆమెకు వేరుగా, ఫ్యాను కింద, ప్లాస్టిక్ కుర్చీ. ఆమె కూరేమిటో అడగడానికి కూడా ఎవరికీ ధైర్యం రాలేదు. ఉతికి ఆరిన నాప్కిన్లు మడతపెట్టడం ఒక్కటి వదిలారు. అది కూడా ఆమె నాలుగు మడిచేలోగా పక్కామె నలభై మడిచి, అందులో సగం ఆమె వైపు జరిపేది.

"కూసోవెడుతుండ్రు బావా" అంది ఒక రోజు నాకు అన్నం వడ్డించి తలుపు చాటుకు వెళ్లాక. "బొమ్మలకొలువుల బొమ్మ లెక్క. పని రాలేదని తీసేస్తరు నన్ను. అసలు పనే ముట్టనిస్తలేరు, ఎట్లొస్తది?"

నాకు అది వింతగా తోచింది. మా తాత వీధిలోకి వస్తే ఊరు లేచి నిలబడేదంటే అది మా బలం అనుకుంటూ పెరిగాను. ఆ లేచి నిలబడటమే ఇప్పుడు మా ఇంటి మనిషి నోటి దగ్గర కూడును లాక్కుంటోంది. అందులో ఎవరి దురుద్దేశమూ లేదు.

మూడో వారంలో లాండ్రీ ఆయనే మా ఇంటికి వచ్చాడు. కారు దూరంగా ఆపి నడిచి వచ్చాడు. కూర్చోమన్నాను. కుర్చీ అంచున కూర్చున్నాడు. చేతికి గడియారం, జేబులో రెండు ఫోన్లు, మోకాళ్ల మీద చేతులు.

"పటేలా, ఎట్ల జెప్పాలెనో తెలుస్తలేదు."

"చెప్పు."

"దొరసానితోని పని అయితలేదు. ఆమె తప్పు గాదు. మావోళ్లు చేయనిస్తలేరు. నేను జెప్తే ఇంటలేరు. అసలు నాకే నోరొస్తలేదు. గుట్ట ఎత్తు అని ఆమెకు నేనెట్ల జెప్త?"

"మరి ఏం చేద్దామంటవు?"

ఆయన కొంచెం ముందుకు జరిగాడు. చాలా ఆలోచించి తెచ్చిన మాటలా చెప్పాడు. "ఆమె రాకున్నా ఏం ఫికర్ లేదు పటేలా. నెలనెల జీతం నేనే ఇంటికి పంపిస్త. మీ గింజలు తిని పెరిగినోల్లం. గంత మాత్రం చేయనా?"

ఆయన మనసులో కల్మషం లేదు. అది ముఖంలో కనబడుతూనే ఉంది. నా వెన్ను మాత్రం దానంతట అది నిటారైంది. కళ్లంలో మేము కొలిపించిన మేర ఇచ్చే వైపు నుంచి ఎప్పుడూ ధర్మంలాగే కనబడింది. పుచ్చుకునే వైపు నుంచి దాన్ని చూసే అవకాశం మా వంశంలో మొదట నాకే వచ్చింది. వద్దనడానికి మాట వెతుక్కుంటున్నాను. తలుపు చాటు నుంచి మా మరదలు ముందే అంది.

"అన్నా, నాకు మేర వద్దు. పని జెప్పు. చెప్పరాకుంటే తీసెయ్యి."

ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు. మా ఇంటి మనిషి వాళ్ల ఇంటి మనిషిని అన్నా అని పిలవడం నా చెవులు వినడం అదే మొదలు. ఆయన తలుపు వైపు చూడకుండా, నేల వైపు చూస్తూ, "అట్లనే అమ్మా" అన్నాడు. ఏది అట్లనే అన్నాడో ఆయనకూ తెలిసినట్టు లేదు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు నేనే లాండ్రీకి వెళ్లాను. షేర్ ఆటోలో వెళ్లాను. మరదలి కోసం వెళ్లాను నిజమే, కానీ ఆ షెడ్డు లోపల ఏముందో చూడాలన్న కుతూహలం కూడా తక్కువ లేదు.

లోపల వేడి, ఆవిరి, సబ్బు వాసన. ఒక మూల మాసిన గుట్టలు, ఇంకో మూల మంచులాంటి మడతలు. మధ్యలో మనిషి కన్నా పొడవైన ఉక్కు రోలరు ఒకటి తిరుగుతోంది. ఇద్దరు ఆడవాళ్లు తడి దుప్పటిని ఇటు అందిస్తే అటు ఇద్దరు కాగితంలా నున్నటి దుప్పటిని అందుకుంటున్నారు. ఏ హాలు గుడ్డలకు ఆ హాలు రంగు దారం అంచున కుట్టి ఉంది. ఎవరి ఇల్లు ఏదో, ఎవరి గడప ఎంత ఎత్తో ఆ రోలరుకు తెలియదు. పెట్టుబడి పెట్టినవాడికీ, గుట్ట ఎత్తేవాళ్లకీ తెలుసు. చిక్కంతా అక్కడే ఉందని అర్థమైంది.

నన్ను చూడగానే కూర్చున్నవాళ్లు లేచారు, కొంగులు తలల మీదికి వచ్చాయి. నేను నిలబడే చెప్పాను. "ఈడ ఆమె దొరసాని గాదు. మీలెక్కనే పనికొచ్చిన మనిషి. ఆమెను పని చేయనియ్యండి. ఇది నా మాట."

"అట్లనే పటేలా" అన్నారు అందరూ కలిసి.

నా మాట చెల్లిందనుకున్నాను. వెనక్కి తిరిగి పది అడుగులు వేశానో లేదో, అవ్వ గొంతు వినబడింది. "ఇన్నరా! పటేలు గింత ఎండలవడి వచ్చి చెప్పిండు. దొరసాని కుర్చీ మీద మెత్త ఎయ్యండ్రే!"

మా మరదలు తల పట్టుకుంది. నాకు నవ్వూ వచ్చింది, అవమానంగానూ తోచింది. మా మాటకు విలువ ఇవ్వొద్దని చెప్పినా, ఆ చెప్పినదానికీ మా మాటకిచ్చే విలువే ఇస్తున్నారు. ఆ మాటతో ఇక ఏమీ కాదని తెలిసింది.

నెల ముగియడానికి కొద్ది రోజుల ముందు ముహూర్తాలు ముంచుకొచ్చాయి. ఒకే రోజు హాళ్లన్నీ నిండాయి. ఆదివారం కాబట్టి చర్చి వీధి వాళ్లు పనికి రాలేదు. షెడ్డులో ఎవరి గోల వాళ్లది. మా మరదలి మీద కన్నేసి ఉంచడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. ఆమె ఒక పెద్ద మూటను తానే లాక్కుపోయి, తానే విప్పి, తానే మిషన్లో వేసింది. వేసే ముందు ప్రతి గుడ్డనూ విడిగా విదిలించి చూడాలి. చేతులతో చేస్తే తప్ప అది అలవాటు కాదు, ఆమె చేతులకు ఎవరూ అలవాటు కానివ్వలేదు. కుర్చీల వెనక పువ్వులా కట్టే ఎర్ర శాటిన్ పట్టీలు కొన్ని ఆ నాప్కిన్లలో చుట్టుకుని ఉన్నాయి.

మిషన్ తలుపు తీస్తే తెల్ల నాప్కిన్లన్నీ గులాబీ రంగులో వచ్చాయి. సాయంత్రం వందల మంది భోజనానికి కూర్చోవలసిన పెళ్లికి సంబంధించినవి.

అవ్వ ముందుకొచ్చింది. "నేనే ఏసిన బిడ్డా. కండ్లు మసకలైనయి."

ఇంకొకామె అవ్వను తోసింది. "ఆమె గాదన్నా, నేను. తొందరల చూస్కోలే."

రోలరు దగ్గరామె అక్కడి నుంచే అరిచింది. "వాళ్లు గాదు, నేనే!"

లాండ్రీ ఆయనకు ఒళ్లు మండింది. "ఒక్క బటను ముగ్గురు కలిసి ఒత్తిండ్రా? ఏందిది, పండుగ తంబోలానా?"

"ముగ్గురు గాదు" అంది మా మరదలు. "ఒత్తింది నేనొక్కదాన్నే. ఎర్ర గుడ్డ వీళ్లకు కనిపించదా? నాకు కనపడలే."

"ఊకోండ్రి దొరసాని!" అని అవ్వ ఆమెను గదమాయించిందట. అదీ గౌరవంగానే.

ఆ లాండ్రీలో గుడ్డలు పాడుచేసిన మనిషి జీతంలో కోత పడుతుంది. అందరికీ తెలిసిన నియమం. ఆయన అప్పటికి వేరే హాలు నుంచి నాప్కిన్లు అద్దెకు తెప్పించి పెళ్లి గట్టెక్కించాడు. ఆ తర్వాత షెడ్డు వెనక ఒంటరిగా నిలబడి నాకు ఫోన్ చేశాడు. జరిగిందంతా చెప్పి, "ఏం జేయాలె పటేలా?" అన్నాడు.

"మీ కాడ రూలేమున్నది?"

"కోతనే."

"మరి?"

మిషన్ల హోరులో గొంతు తగ్గించి అన్నాడు. "మీరు ఒక మాటంటే..."

నాకు కోపం వచ్చింది. "అవ్వ తప్పు జేస్తే ఆమె కొడుకుకు ఫోన్ జేసి అడుగుతవా? రోలరు కాడామె తప్పు జేస్తే ఆమె మొగన్ని అడుగుతవా? నన్నడిగి కోస్తే అది కోత గాదు. ఇంకో మేర. నీ షెడ్డు సంగతి నన్నడగకు."

ఫోన్ పెట్టేశాను. ఆయన ఏం చేస్తాడో తెలియదు. కోస్తే ఆమె పనిమనిషి అవుతుంది. కోయకపోతే దొరసానిగా ఇంటికి వచ్చేస్తుంది. మా వంశం పరువు ఒక మనిషి జీతం తగ్గడం మీద ఆధారపడిన రోజు మరొకటి ఉండి ఉండదు.

జీతం రోజు సాయంత్రం వ్యాను దిగి మా మరదలు గబగబా లోపలికి వచ్చింది. కవరు కూతురి చేతిలో పెట్టింది.

"తక్కువున్నయేందమ్మా?" అంది పిల్ల.

"కోసిండే" అంది మా మరదలు. ఆ గొంతులో అంత సంబరం మా తమ్ముడు బతికున్న రోజుల తర్వాత నేను వినలేదు. "మస్తు కోసిండు! అందరి ముంగట, అందరికి కోసినంతనే కోసిండు. పైకెల్లి ఇంకోసారి ఇట్ల జేస్తే ఇంటికి పోతవ్ అన్నడు."

"అన్నడా?" అన్నాను నేను ముందు గదిలోంచి.

"అన్నడు బావా. నా ముఖం దిక్కు చూడలే గాని అన్నడు."

అవ్వకు మాత్రం ఆ రోజు మింగుడు పడలేదట. మా ఇంటి మనిషిని అట్లా అంటాడా అని ఆయన మీద అరిచిందట. మా మరదలు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. మర్నాడు పొద్దున మాసిన గుట్ట దగ్గరికి మా మరదలు పోతే ఎవరూ అడ్డు రాలేదు. అవ్వ కాసేపు నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది. తర్వాత ఉండబట్టలేక నోరు విప్పింది.

"గట్లనా ఇదిలించేది? ఈగలు తోలుతున్నవా? కొస పట్టుకో. ఆ కొస! నీ చేతులు పాడుగాను, మల్ల పట్టీలు ఉండిపోతయి!"

అని, అన్న మాట తన చెవినే పడి, నాలుక కరుచుకుందట. మా మరదలు కొస పట్టుకుని విదిలించింది. మూడు పట్టీలు రాలిపడ్డాయి. మధ్యాహ్నం ఆమె డబ్బాలో చింతకాయ తొక్కు చూసి అవ్వ వేలు పెట్టి నాకి, ఉప్పు ఎక్కువైందని చెప్పింది. ఆమెను లాండ్రీలో ఉంచుకున్నారు.

ఊళ్లో బీదరికం ఎలా తగ్గిందన్న ప్రశ్నకు నాకు ఇప్పటికీ పూర్తి జవాబు దొరకలేదు. లాండ్రీ ధర్మసత్రం కాదు. మూఢంలో ఆయన కొందరిని ఇంటి దగ్గరే ఉండమంటాడు, ఆ నెలల్లో కిరాణా కొట్టులో మళ్లీ షాంపూ పొట్లాలే చిరుగుతాయి. సోడా నీళ్లకు చేతుల చర్మం ఊడుతుంది. అది కూడా చూశాను, ఇప్పుడు మా ఇంట్లోనే చూస్తున్నాను. ఆయన ఎవరినీ ఉద్ధరించడానికి షెడ్డు వేయలేదు. అందుకే వేసి ఉంటే బహుశా ఇంతమందికి పని దొరికేది కాదు. నాకు తెలిసిందల్లా ఒకటి. పాతర ముందు నిలబడ్డ మనిషి కొలిచేవాడి ముఖం చూసేవాడు. జీతం అందుకున్న మా మరదలు కవరులో ఉన్నది లెక్క చూసుకుంది, తక్కువెందుకయిందో ఆమెకు తెలుసు. మా తాత జొన్నలు పుచ్చుకున్నవాళ్లలో ఎవరైనా ఇంత తక్కువేమిటని అడిగి ఉంటారా అని ఆలోచిస్తాను. అడిగినట్టు మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

ఈ ఏడు ముహూర్తాలు మొదలయ్యే ముందు లాండ్రీలో తెల్లవారుజామున ఇంకో పూట పని పెట్టారు. హాళ్ల నుంచి వచ్చే మూటలను పొద్దు పొడవకముందే ఏరి వేరుచేయాలి. ఆ పని అజమాయిషీ మా మరదలిని చూడమన్నారు. ఆమె పేరు చెప్పింది అవ్వేనట. "దానికి నోరున్నది, మంచిగ ఒర్రుతది" అన్నదట. ఆ వేళకు మా ఊరికి వ్యాను రాదు, ఆటోలు తిరగవు. స్కూటీ కావాలి. నెలవారీ వాయిదాలు తన జీతంలోంచి కడతానంది. మొదట కట్టవలసిన సొమ్ము కోసం ఆమె తలుపు చాటుకు రాలేదు. పిల్ల చెబితే నాకు తెలిసింది.

మా వాటాకు వచ్చిన పెళ్లి వంటల ఇత్తడి, రాగి పాత్రలు అటక మీద ఉన్నాయి. అమ్ముతామని విని వాటిని చూడటానికి మొయినాబాద్ రిసార్టు నుంచి ఒకాయన వచ్చాడు. నీళ్లు పోసి పూలు తేలించి హాలు గుమ్మంలో పెట్టిస్తానన్నాడు, బజారు ధర కన్నా బాగా ఎక్కువిస్తానన్నాడు. వాళ్లు మా ఇంటి పేరు చెప్పి చూపించుకుంటారని ఇవ్వలేదు. నాలుగు ఇత్తడి గంగాళాలు, రెండు రాగి అండాలు చేవెళ్లలో పాత ఇనుప సామాను దుకాణంలో కిలోల లెక్కన అమ్మి, స్కూటీకి మొదటి సొమ్ము కట్టాం.